ఫారంలో అమ్మాయి పేరు రాయాలా, వద్దా?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెకి 47 ఏళ్లు. మొదటి భర్తతో చాలా ఏళ్ల కిందటే కోర్టులో విడాకులయ్యాయి. ఒక్కతే కూతురు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తూ, తల్లి తోడుతో ఆ పిల్లని పెంచి ఇంజనీరింగ్ దాకా తెచ్చారు. కిందటేడు కెనడాలోని ఒంటారియోలో ఉంటున్న ఒక తెలుగాయనతో అన్నవరంలో ఆమెకి రెండో పెళ్లి జరిగింది. ఆయన భార్య చనిపోయారు. ఆయనకి అక్కడ పీఆర్ (శాశ్వతంగా నివసించే హక్కు) ఉంది. ఇప్పుడు ఆమెని భార్యగా స్పాన్సర్ చేసి తీసుకెళ్లడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నారు.

చిక్కంతా కూతురి దగ్గర వచ్చింది. ఆ అమ్మాయికి 22 నిండబోతున్నాయి. పాస్‌పోర్టు ప్రకారం ఆగస్టు 14న, నిజానికి అక్టోబరు 19న. బడిలో చేర్చేటప్పుడు తాతగారు ఒక తేదీ వేయించారు, పాస్‌పోర్టుకి అదే వెళ్లింది, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధృవపత్రంలో మాత్రం అసలు తేదీ ఉంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు "మేజరైన పిల్ల పేరు పెడితే ఫైలు ఆలస్యమవుతుంది. ముందు మీరొక్కరే వెళ్లండి, పీఆర్ వచ్చాక అమ్మాయిని పిలిపించుకోవచ్చు" అన్నారట. అమ్మాయికి క్యాంపస్ ఇంటర్వ్యూలో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. చేరితే డిపెండెంట్ (తల్లి అప్లికేషన్‌లో చేరగల బిడ్డ) కాకుండా పోతుందని ఆమె తమ్ముడు వద్దంటున్నాడు. మొదటి భర్త "నా సంతకం లేకుండా నా కూతుర్ని ఎలా తీసుకెళతావో చూస్తా" అంటున్నాడు. అమ్మమ్మ ఒక సంబంధం చూసి "పిల్ల పెళ్లి చేసేసి నువ్వు నిశ్చింతగా వెళ్లు" అంటున్నారు.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "ఇవన్నీ ఒక ఎత్తు. మొన్న రాత్రి మా అమ్మాయి 'నీ కొత్త సంసారంలోకి నేనెందుకమ్మా' అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నిద్ర లేదు. ఆయన మంచివారే. కానీ ఎదిగిన ఆడపిల్ల బాధ్యత ఆయన నెత్తిన పెట్టడం న్యాయమేనా? నేనసలు వెళ్లడం మానుకోవాలా?"

అమ్మా,

ముందు ఆ కన్సల్టెన్సీ మాట గురించి చెప్పాలి. అది విని ఫారం పంపేస్తే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం. పీఆర్‌కి అప్లై చేసేవాళ్లు తమ పిల్లలందరి వివరాలూ రాయాలి. వెంట వస్తున్నారా లేదా అన్నది వేరే ప్రశ్న. వాళ్లు రాకపోయినా, డిపెండెంట్ కిందికి వచ్చే పిల్లలకి వైద్య పరీక్ష జరగాలి, 18 దాటినవాళ్లకి పోలీస్ క్లియరెన్స్ ఉండాలి. అలా పేరు రాయకుండా, పరీక్ష జరగకుండా వదిలేసిన బిడ్డని ఆ తల్లి తర్వాత స్పాన్సర్ చేయడానికి వీల్లేదని కెనడా ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో 117(9)(డి) స్పష్టంగా చెబుతుంది. ఈ ఒక్క నిబంధన వల్ల విడిపోయి ఏళ్ల తరబడి కలవలేకపోయిన కుటుంబాలున్నాయి. 2019లో తాత్కాలికంగా కొంత సడలింపు తెచ్చారు గానీ అది మీకు అక్కరకు రాదు. అందులోనూ బిడ్డ కొత్తగా అప్లై చేసే నాటికి 22 లోపే ఉండాలి.

పైగా ఉన్న బిడ్డని లేదని రాయడం నిజం దాచడం కిందికి వస్తుంది. దొరికితే మీ అప్లికేషన్ తిరస్కరిస్తారు, 5 ఏళ్లపాటు మళ్లీ అప్లై చేయనివ్వరు. పీఆర్ చేతికొచ్చాక బయటపడినా అది పోవచ్చు. అందుకని అమ్మాయి పేరు రాయాలా వద్దా అన్నదాంట్లో మీకు రెండు దారులు లేవు. రాయాలి, అంతే. ఎంచుకోవడానికి ఏమైనా ఉంటే అది ఆ తర్వాతి సంగతుల్లోనే.

"పీఆర్ వచ్చాక పిలిపించుకోవచ్చు" అన్న మాట కూడా మీ అమ్మాయి విషయంలో ఉత్తదే. పదేళ్ల పిల్లయితే అలా చేసుకోవచ్చు. మీరు వెళ్లి, పీఆర్ అయ్యాక కొత్త అప్లికేషన్ పెడితే ఆనాటి వయసే లెక్కిస్తారు. అప్పటికి ఆమె 22 దాటి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న, 22 దాటిన కూతుర్ని తల్లి స్పాన్సర్ చేసే దారి అక్కడ లేదు. శారీరక లేదా మానసిక పరిస్థితి వల్ల సొంతంగా బతకలేక, 22కి ముందు నుంచీ తల్లిదండ్రుల మీదే ఆధారపడిన బిడ్డలకి మాత్రమే ఆ వయసు తర్వాత అవకాశం ఉంది.

మీ చుట్టూ ఇన్ని రకాల మాటలు ఎందుకు వినిపిస్తున్నాయో కూడా చెబుతాను. 2014 ఆగస్టుకి ముందు, 22 దాటినా కాలేజీలో చదువుతుంటే డిపెండెంట్‌గానే చూసేవారు. ఆ నెల నుంచి వయసు హద్దుని 19 లోపుకి దించారు. 2017 అక్టోబరు 24 నుంచి మళ్లీ 22 లోపుకి పెంచారు, చదువు మినహాయింపు మాత్రం తిరిగి రాలేదు. ఎవరు ఏ ఏడాది వెళ్లారో వాళ్లకి ఆనాటి నియమమే గుర్తుంది. అబద్ధం చెప్పాలని ఎవరూ చెప్పడం లేదు, పాత సంగతి చెబుతున్నారు.

ఇప్పటి నియమం ఏమిటంటే, మీ అప్లికేషన్ కెనడా ఇమ్మిగ్రేషన్ వాళ్లకి అందిన రోజున అమ్మాయి వయసు ఎంతో అదే చివరిదాకా నిలిచిపోతుంది. ఆ రోజుకి 21 ఉంటే, ఫైలు తేలేసరికి 23 వచ్చినా ఫరవాలేదు. కానీ అందిన అప్లికేషన్ అన్నివిధాలా పూర్తిగా ఉండాలి. ఒక సంతకం లేకపోయినా, ఫీజు తక్కువైనా, ఒక ఫారం మరిచిపోయినా వెనక్కి పంపేస్తారు. వెనక్కి వచ్చిందంటే ఆ తేదీ పోయినట్టే, మళ్లీ పంపిన రోజే లెక్క. వయసు హద్దుకి దగ్గరగా ఉన్న పిల్లలు ఉన్న ఇళ్లలో అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. ఆఖరి వారంలో హడావిడిగా పంపడం, చిన్న లోపంతో తిరిగి రావడం, ఈలోగా పుట్టినరోజు దాటిపోవడం.

అందుకే మీరు అక్టోబరుని మరిచిపోండి. అధికారి ముందు తెరిచేది పాస్‌పోర్టు. అందులో ఆగస్టు 14 ఉంది కాబట్టి అదే మీ గడువు అనుకోండి. అసలు పుట్టింది అక్టోబరులోనే కదా అని వాదించాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. ఇప్పుడు పాస్‌పోర్టులో తేదీ మార్పించడానికి పూనుకుంటే నెలలు పడుతుంది, కొత్త అనుమానం కూడా పుడుతుంది. ఆగస్టు 14కి ముందే పూర్తి అప్లికేషన్ చేరిపోతే రెండు తేదీల్లో ఏది చూసినా ఆమెకి 21 ఏళ్లే. తేదీలు ఎందుకు వేరయ్యాయో ఒక పేజీలో మీరే నిజాయితీగా రాసి, జనన ధృవపత్రం, పదో తరగతి మెమో రెండూ జతచేయండి. జూన్ నెలాఖరుకల్లా పంపాలని పెట్టుకోండి. ఎక్కడైనా లోపం ఉండి తిరిగొచ్చినా సరిచేసి పంపడానికి ఆరు వారాలు చేతిలో ఉంటాయి.

18 దాటిన పిల్లలకి కొన్ని ఫారాలు విడిగా ఉంటాయన్నది చాలామంది గమనించరు. మీకు లాగే ఆమె కూడా ఐఎంఎం 5669 (గత జీవిత వివరాల ఫారం), ఐఎంఎం 5406 (కుటుంబ వివరాల ఫారం) సొంతంగా నింపి సంతకం పెట్టాలి. 5669లో గడిచిన 10 ఏళ్లలో, 18 నిండి పదేళ్లు కాకపోతే 18 నిండినప్పటి నుంచీ, ఏం చదివింది, ఎక్కడ ఉంది అన్నది నెల ఖాళీ లేకుండా రాయాలి. ఇంటర్ అయ్యాక కోచింగ్‌కి ఒక ఏడాది పోతే అది కూడా రాయాలి. పోలీస్ క్లియరెన్స్ మీ ఇద్దరికీ పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా వస్తుంది.

ఉద్యోగం విషయంలో మీ తమ్ముడు అనవసరంగా భయపడుతున్నాడు. 22 లోపు పిల్లలకి చూసేది రెండే రెండు. వయసు, పెళ్లి కాకపోవడం. సొంతంగా సంపాదిస్తోందా, మీ మీద ఆధారపడిందా అన్న ప్రశ్న వాళ్లకి రానే రాదు. డిపెండెంట్ అన్న మాట విని మనం అలా అనుకుంటాం. ఆమె హైదరాబాద్‌లో నిక్షేపంగా ఉద్యోగంలో చేరవచ్చు, ఫైలు నడుస్తున్నన్నాళ్లూ జీతం తీసుకోవచ్చు. కష్టపడి తెచ్చుకున్న మొదటి ఉద్యోగాన్ని ఒక అపోహ కోసం వదులుకోనివ్వకండి. ఫైలు ఎన్నాళ్లు పడుతుందో తెలియనప్పుడు పిల్లని ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టడం ఆమెకి మంచిది కాదు.

మొదటి భర్త బెదిరింపుకి కూడా బలం లేదు. వెంట రాని తల్లి లేదా తండ్రి అంగీకార పత్రం అడిగేది మైనర్ పిల్లలకే. మీ అమ్మాయి తన సంతకం తనే పెట్టుకుంటుంది. ఆయన్ని అడగాల్సిన పని మీకు లేదు. ఆయనతో మాట్లాడాలో వద్దో అమ్మాయే నిర్ణయించుకుంటుంది. విడాకుల డిక్రీ నకలు మాత్రం కోర్టు ముద్రతో ఉన్నది తీసుకోండి. డిక్రీ తర్వాత అప్పీలు గడువు ముగిశాకే రెండో పెళ్లి జరిగినట్టు తేదీలు చూపాలి. మీ విషయంలో ఏళ్ల తేడా ఉంది కాబట్టి ఇబ్బంది రాదు.

ఇక అమ్మమ్మగారు చూసిన సంబంధం. ఇది మాత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతి. నిశ్చితార్థం జరిగినా నష్టం లేదు. పెళ్లి జరిగితే మాత్రం ఆ రోజుతో ఆమె డిపెండెంట్ కాదు. వయసు నిలిచిపోతుంది గానీ పెళ్లి సంగతి అలా నిలవదు. అప్లికేషన్ రోజు నుంచి ఆమె కెనడాలో దిగి పీఆర్ అయ్యేదాకా అవివాహితగానే ఉండాలి. ఎవరితోనైనా ఏడాదిపాటు భార్యాభర్తల్లా కలిసి ఉన్నా అదే లెక్క. కొందరు గుళ్లో పెళ్లి చేసి రిజిస్టర్ చేయించకుండా ఊరుకుంటారు, కాగితం లేదు కదా అని. దయచేసి ఆ ఆలోచన రానివ్వకండి. అది దాచడమే అవుతుంది. దాచిన ఆ భర్తని రేపు ఆమె స్పాన్సర్ చేయబోతే, ఇందాక చెప్పిన 117(9)(డి)యే అడ్డం వస్తుంది. అదే ముందు అక్కడికి వెళ్లి పీఆర్ అయ్యి, తర్వాత వచ్చి పెళ్లి చేసుకుంటే అక్కడ నివసిస్తూ భర్తని మామూలుగా స్పాన్సర్ చేసుకోవచ్చు. భార్యగానో భర్తగానో స్పాన్సర్ మీద వెళ్లినవాళ్లకి, మరో జీవిత భాగస్వామిని స్పాన్సర్ చేయడానికి 5 ఏళ్లు ఆగాలన్న నిబంధన ఉంది. కూతురిగా వెళ్లినవాళ్లకి అది వర్తించదు. ఆ అబ్బాయి వాళ్లు రెండేళ్లు ఆగగలరేమో కనుక్కోవచ్చు. ఆగలేమంటే, పెళ్లి కావాలో కెనడా కావాలో తేల్చుకోవాల్సింది మీ అమ్మాయే. అమ్మమ్మ కాదు, మీరూ కాదు.

ఇక ఆయన నెత్తిన భారం అన్నారు. ఆయన సంతకం పెట్టేది దేనికో తెలిస్తే మీ మనసు కొంత తేలికపడుతుంది. మీకు మూడేళ్లు, అమ్మాయికి 22 నిండాక పీఆర్ అయితే ఆమెకీ మూడేళ్లు (22 లోపే అయితే 25 నిండేదాకా) కనీస అవసరాలు చూస్తానని, మీరెవరైనా ఆ కాలంలో ప్రభుత్వ సంక్షేమ సాయం తీసుకుంటే ఆ డబ్బు తిరిగి కడతానని ప్రభుత్వానికి ఇచ్చే మాట అది. అమ్మాయి అక్కడ ఉద్యోగం చేసుకుంటే ఆ మాట అవసరమే పడకపోవచ్చు. భార్యని, ఆమె బిడ్డని స్పాన్సర్ చేయడానికి ఒంటారియోలో ఇంత ఆదాయం ఉండాలన్న షరతు మామూలుగా ఉండదు. సంక్షేమ సాయం మీద బతుకుతూ ఉండకూడదు, అంతే. వైకల్యం వల్ల తీసుకునే సాయం లెక్కలోకి రాదు. పీఆర్ హక్కు కోసం విడిగా కట్టే రుసుము కూడా డిపెండెంట్ పిల్లలకి లేదు. అయితే ఒకటుంది. మీరిద్దరూ రేపు విడిపోయినా ఆ మాట రద్దు కాదు. కాబట్టి ఈ విషయం ఆయనతో విడమరచి మాట్లాడండి. మీరే ఊహించుకుని ఆయన తరఫున మొహమాటపడటం కన్నా, ఆయన ఏమనుకుంటున్నారో ఆయన నోటే వినడం మంచిది. ఎదిగిన కూతురున్న మనిషినే కదా ఆయన తెలిసి చేసుకున్నది.

ఆయన ఆరు నెలలు విజయవాడ వచ్చి ఉంటానంటున్నారని ఉత్తరం మధ్యలో రాశారు. అది వద్దని చెప్పండి. పౌరసత్వం ఉన్నవాళ్లకి కొంత వెసులుబాటు ఉంది గానీ, పీఆర్ మీద ఉన్న స్పాన్సర్ అప్లికేషన్ నడుస్తున్నంతకాలం కెనడాలోనే నివసిస్తూ ఉండాలి. రెండు, మూడు వారాలకి వచ్చి వెళ్లడం వేరు. అలా వచ్చినప్పుడు టికెట్లు, బోర్డింగ్ పాసులు దాచండి.

మీ పెళ్లి నిజమైనదేనని నిరూపించడం దగ్గర మీకు శ్రమ ఉంటుంది. మన దగ్గర రెండో పెళ్లి అంటే సందడి చేయరు. అన్నవరంలో పదిహేను మంది మధ్య, శుభలేఖ లేకుండా, వీడియో తీయకుండా చేసుకున్నామని రాశారు. మనకి అందులో వింతేమీ కనిపించదు. బయటి అధికారికి మాత్రం వంద మంది రాని పెళ్లి, రిసెప్షన్ లేని పెళ్లి అనుమానంగా తోచవచ్చు. కాబట్టి మీ ఇద్దరి బంధం గురించి అడిగే ఐఎంఎం 5532 ఫారంలో ఎందుకలా చేసుకున్నారో మీ మాటల్లో రాయండి. విడాకులైన స్త్రీకి, భార్య పోయిన మగవాడికి మన ఊళ్లలో పెళ్లి ఎలా చేస్తారో, మీ అమ్మగారు ఎవర్ని పిలవాలని, ఎవర్ని పిలవొద్దని అన్నారో ఉన్నదున్నట్టు రాయండి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర తీసుకున్న వివాహ ధృవపత్రం, ఆయన మీకు పంపిన డబ్బుల బ్యాంకు వివరాలు, నెలవారీగా కొన్ని కాల్స్, వాట్సాప్ సంభాషణలు, మీ రెండు కుటుంబాలూ కలిసి ఉన్న ఫొటోలు పెట్టండి. అమ్మాయి ఆయనతో కలిసి ఉన్న ఫొటో ఒక్కటైనా ఉంటే తప్పకుండా పెట్టండి.

ఇప్పుడు అమ్మాయి అన్న మాట. 'నీ కొత్త సంసారంలోకి నేనెందుకమ్మా' అన్నది వద్దు అనడమో, నన్ను పిలువు అనడమో నాకు తెలియదు. మీకూ తెలియలేదు కాబట్టే నిద్ర పట్టడం లేదు. ఆమె చిన్నప్పటి నుంచీ మీరిద్దరే. ఇప్పుడు మూడో మనిషి వచ్చాడు, ఆమె ఒప్పుకుంది, పెళ్లిలో మీ పక్కన నిలబడింది. ఆ తర్వాత వరసగా ఆమె వయసు గురించి, పెళ్లి గురించి, ఉద్యోగం గురించి మేనమామ, అమ్మమ్మ, కన్సల్టెన్సీ వాళ్లు మాట్లాడుతున్నారు. నీకేం కావాలి అని ఎవరైనా అడిగినట్టు మీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనిపించలేదు.

అడిగేటప్పుడు ఆమె ముందు ఏమేం ఉన్నాయో కూడా చెప్పండి. వెంట వస్తానని అప్లై చేసి, వీసా వచ్చాక మీతో పాటు దిగడం ఒకటి. దిగిన రోజే పీఆర్ అవుతుంది. మీకన్నా ముందు ఆమె దిగకూడదు, మీతో గానీ మీ తర్వాత గానీ వెళ్లాలి. వైద్య పరీక్ష సాధారణంగా ఏడాది పాటే చెల్లుతుంది, వీసా గడువు దాన్ని బట్టే ఉంటుంది, కాబట్టి మరీ ఆలస్యం చేయడానికి ఉండదు.

రెండోది, నాకు మీ అమ్మాయికి బాగా నప్పుతుందనిపించేది. దిగి, కొద్ది వారాలు ఉండి, హైదరాబాద్ ఉద్యోగానికి తిరిగి వచ్చేయడం. పీఆర్ నిలవాలంటే ప్రతి 5 ఏళ్లలో 730 రోజులు కెనడాలో ఉంటే చాలు. అంటే దాదాపు మూడేళ్లు ఇక్కడే పని చేసుకుని, అమ్మమ్మ దగ్గర ఉండి, అప్పుడు మనసు తేల్చుకోవచ్చు. విమాన ఖర్చు ఉంది, ఆఫీసులో సెలవు దొరకాలి, మూడేళ్ల తర్వాత మాత్రం నిజంగానే ఒకటి ఎంచుకోవాలి. అయినా 21 ఏళ్ల పిల్లకి మూడేళ్ల వ్యవధి చాలా పెద్దది.

వెంట రానని రాసి, పరీక్షలు మాత్రం చేయించుకోవడం మరొకటి. ఆమె గట్టిగా వద్దంటే అదే సరైనది. కానీ ఇందాక చెప్పినట్టు, ఆమె వయసుకి ఆ తలుపు మళ్లీ తెరుచుకోదని ఆమెకి ముందే తెలియాలి. వస్తానని అప్లై చేసి చివర్లో మానుకోవడానికి అడ్డేమీ లేదు. ఇప్పుడే రానని రాసి, అంతా అయిపోయాక మనసు మారితే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. తర్వాత ఆమె తన చదువుతో స్టడీ పర్మిట్ మీదనో, ఉద్యోగ అనుభవంతో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోనో (నైపుణ్యం ఉన్నవాళ్లని పాయింట్లని బట్టి పీఆర్‌కి ఎంచుకునే పద్ధతి) సొంతంగా ప్రయత్నించాలి. ఆ దారులు ఉన్నాయి, కానీ ఖర్చుతో కూడినవి, పోటీతో కూడినవి.

మీరసలు వెళ్లడం మానుకోవాలా అన్నారు. అప్లై చేసినంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని రేపు విమానం ఎక్కించరు. విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడి నుంచి అప్లై చేసేవాళ్లున్నారు గానీ, మీరు ఇక్కడి నుంచి ఫ్యామిలీ క్లాస్ (కెనడా బయట ఉండి పెట్టే కుటుంబ స్పాన్సర్‌షిప్) కింద పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఫైలు నడిచే కాలమంతా అమ్మాయి దగ్గరే ఉంటారు. పొరపాటున తిరస్కరిస్తే మీ ఆయన అక్కడ అప్పీలు చేసుకోవచ్చు. లోపలి నుంచి పెట్టినవాళ్లకి ఆ అప్పీలు ఉండదు. మీరు మానుకుంటే మీ కోసం మానుకోండి. కూతురి కోసం మానుకున్నానని మాత్రం అనుకోవద్దు. ఆ మాట మీరు పైకి అనకపోయినా, ఆమె జీవితాంతం మోస్తుంది.

కాగితాలకి సాయం కావాలంటే, డబ్బు తీసుకుని మీ తరఫున పని చేసే మనిషికి కెనడా లైసెన్సు ఉండాలి. అక్కడి న్యాయవాది గానీ, కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్‌లో నమోదైనవారు గానీ కావాలి. వాళ్ల పేర్ల జాబితా అందరికీ తెరిచే ఉంటుంది, మీ ఆయన అక్కడ చూసుకోగలరు. పేరు దాచమన్న ఆ కన్సల్టెన్సీకి మీ ఒరిజినల్స్ ఇచ్చి ఉంటే రేపే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి.

ఈ ఆదివారం అమ్మాయి ఇంట్లోనే ఉంటుందని రాశారు కదా. అమ్మమ్మని, తమ్ముణ్ణి పిలవకండి. మీరిద్దరే కూర్చోండి, అవసరమైతే ఈ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చి చదవమనండి. 5669 ఫారం పక్కన పెట్టుకోండి. ఆమె ఏ నిర్ణయం తీసుకున్నా ఆ ఫారం మాత్రం ఆమె నింపాల్సిందే, సంతకం ఆమె పెట్టాల్సిందే.